మెట్ట వరి వేళ్ళకు బుడిపెలు: గుళికలు వేస్తే పోతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మెట్ట పొలంలో పొడి దుక్కి చేసి వరి నేరుగా విత్తడం ఇది వరుసగా మూడో ఏడు. మొదటి ఏడు పంట బాగా వచ్చింది, నిరుడు తగ్గింది. ఈసారి విత్తిన నెల లోపే అక్కడక్కడ గుండ్రటి మచ్చలుగా పైరు పసుపెక్కి ఎదుగుదల ఆగిపోయింది. యూరియా వేశారు, జింకు పిచికారీ చేశారు, మార్పు లేదు. మొక్క పీకి చూస్తే వేళ్ళ కొసన కొక్కెంలా వంకర తిరిగిన బుడిపెలు కనిపించాయి. ఎవరో నులిపురుగు (నెమటోడ్, అంటే మట్టిలో ఉండి వేళ్ళను తినే, కంటికి ఆనని సన్నటి పురుగు) అన్నారు. గుళికల మందు వేస్తే ఈ పంట దక్కుతుందా, వచ్చే ఏడు మళ్ళీ వరి వేసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. ఇప్పుడు గుళికలు వేసినా వేరు లోపల చేరిపోయిన పురుగు మీద పెద్దగా పని చేయవు. ఈ పంటలో కొంత నష్టం ఖాయం, దాన్ని తగ్గించుకునే మార్గాలు మాత్రం ఉన్నాయి, కింద రాస్తాను. వచ్చే ఏడు ఆ చేనులో వరి వేయకండి. కనీసం ఒక పంట కాలం, వీలైతే రెండు, ఆ పురుగుకు తిండి దొరకని పైరు వేసి, గడ్డి కలుపు లేకుండా ఉంచితే తర్వాత మళ్ళీ వరికి రావచ్చు. విత్తే రోజున నేలలో ఎన్ని నులిపురుగులు ఉన్నాయన్నదే ఆ పంట భవిష్యత్తును తేలుస్తుంది. విత్తాక చేసే వైద్యం వల్ల వచ్చేది తక్కువ.

నేను మట్టి, వేళ్ళ నమూనాల్లో నులిపురుగులు లెక్కించే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. మీలాంటి ప్రశ్న ప్రతి పంట కాలంలోనూ వస్తుంది, దాదాపు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. అందుకే కొంచెం విడమరిచి రాస్తున్నాను.

మీరు చెప్పిన కొక్కెం ఆకారం చాలా పెద్ద ఆధారం. వరిలో వేరు బుడిపె నులిపురుగులు ఒకటి కంటే ఎక్కువ జాతులవి ఉన్నా, వేరు చివరనే ఉబ్బి, వంకర తిరిగి, గాలపు ముల్లులా కనిపించే బుడిపె మెలాయిడోగైనీ గ్రామినికోలా అనే జాతి పెట్టే గుర్తు. దీన్ని 1965లో అమెరికాలోని లూసియానాలో ఊద గడ్డి వేళ్ళ నుంచి తీసి మొదట వర్ణించారు. వరిని పీడించే ఈ పురుగుకు శాస్త్రంలో తొలి చిరునామా ఒక కలుపు మొక్క! ఈ సంగతి గుర్తుంచుకోండి, కలుపు దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ పనికొస్తుంది. ఆసియాలో వరి పండించే చాలా దేశాల్లో ఇది ఉంది. ఐరోపాలో 2016లో ఉత్తర ఇటలీ వరి పొలాల్లో మొదటిసారి బయటపడింది.

దీని బతుకు తీరు తెలిస్తే మందు ఎందుకు పని చేయదో మీకే అర్థమవుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి కనిపించదు. మట్టి రేణువుల చుట్టూ ఉండే పలచని నీటి పొరలో ఈదుకుంటూ వచ్చి, లేత వేరు కొసకు కాస్త వెనక దూరుతుంది. లోపల ఒకచోట స్థిరపడి, చుట్టూ ఉన్న కొన్ని కణాలను మామూలు కన్నా ఎన్నో రెట్లు పెద్దవిగా ఉబ్బేలా చేసి, అక్కడే కూర్చుని తింటుంది. ఆ ఉబ్బే మనకు కనిపించే బుడిపె. వేరు పెరిగే మొన అక్కడితో ఆగిపోతుంది కాబట్టి మొక్క లోతుకు పోయి నీరు తెచ్చుకోలేదు. ఆడపురుగు బేరిపండు ఆకారంలో ఉబ్బి కొన్ని వందల గుడ్లు పెడుతుంది. తక్కిన చాలా వేరు బుడిపె జాతులు గుడ్ల ముద్దను వేరు బయటికి నెడతాయి, ఇది మాత్రం వేరు లోపలే పెడుతుంది. గుడ్లు పొదిగాక పిల్లలు మట్టిలోకి రాకుండానే అదే వేరులో పక్కకు జరిగి మళ్ళీ కాపురం పెట్టగలవు. వెచ్చటి నేలలో మూడు, నాలుగు వారాల్లో ఒక తరం పూర్తవుతుంది, ఇంకా తక్కువ రోజుల్లో పూర్తయిన సందర్భాలూ ఉన్నాయి. అంటే మీ వరి కోతకు వచ్చేలోపు నాలుగైదు తరాలు గడుస్తాయి. మొదటి ఏడు కొద్దిగా ఉన్నది మూడో ఏటికి చేనంతా ఎలా పరుచుకుందో ఈ లెక్కలోనే ఉంది.

మెట్టలో ఇంత ఉధృతం ఎందుకంటే, నిలువ నీరు ఉన్నప్పుడు ఈ పిల్ల పురుగులు వేరులోకి దూరలేవు. మాగాణిలో నాటిన నాటి నుంచీ నీరు నిలిపితే కొత్తగా దాడి జరగదు, అందుకే ఆ రైతులకు దీని బెడద తక్కువ. అలాగని నీరు వాటిని చంపేస్తుందని అనుకోకండి. ముంపు నేలలోనూ నెలల తరబడి ఓపికగా బతికి, నేల ఆరగానే మళ్ళీ వేళ్ళ మీద పడతాయి. ముంపుకు ముందే వేరులో చేరినవైతే నీటి కింద కూడా హాయిగా సంతానం పెంచుకుంటాయి. మెట్టలో వేరు చుట్టూ గాలి, తేమ రెండూ తగుపాళ్ళలో ఉంటాయి, ఈ పురుగుకు అంతకంటే అనువైన చోటు లేదు. తేలిక నేలలైతే ఇంకా అనువు. మెట్ట పరిస్థితుల్లో చేసిన ప్రయోగాల్లో 20 నుంచి 80 శాతం దాకా దిగుబడి నష్టం నమోదైంది. ఈ తేడా ఎందుకంటే విత్తేనాటి సంఖ్య, నేల స్వభావం, మధ్యలో వచ్చిన బెట్ట, ఈ మూడూ ప్రతిచోటా వేరు.

మెట్టలో వరి మీద వరి వేస్తే దిగుబడి పడిపోవడం మీ ఒక్కరికే జరిగింది కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 2001లో మొదలైన ఏరోబిక్ వరి (నీరు నిలపకుండా, మెట్ట పైరులా పండించే వరి) ప్రయోగాల్లోనూ వరసగా వరి వేసిన మడుల్లో దిగుబడి తగ్గుతూ వచ్చింది. అక్కడ కూడా వేళ్ళకు ఈ బుడిపెలే కనిపించాయి. అయితే నులిపురుగు ఒక్కటే కారణమని వాళ్ళు తేల్చలేదు, పోషకాలు అందకపోవడం వంటివీ కలిశాయి. నా అనుభవమూ అదే. నులిపురుగు ఒంటరిగా వచ్చిన చేను అరుదు. బలహీనపడిన వేరు ఇనుమును, జింకును, భాస్వరాన్ని అందుకోలేదు. ఆకు మీద కనిపించేది పోషక లోపం, దాని మూలం వేరులో ఉంటుంది. జింకు కొట్టినా మీ పైరు తేరుకోకపోవడానికి ఇదే కారణమై ఉండాలి.

ముందు నిర్ధారణ చేసుకోండి. పసుపెక్కిన ప్రతి మచ్చా నులిపురుగు కాదు. మెట్టలో ఇనుప ధాతు లోపం సర్వసాధారణం, అది వస్తే లేత ఆకులు ఈనెల మధ్య పాలిపోయి, ముదిరితే తెల్లబడతాయి. జింకు లోపంలో ముదురాకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. చెదలు, వేరు పురుగు పట్టిన మొక్క లాగితే తెగిన వేరుతో సులువుగా ఊడి వస్తుంది. బుడిపెలున్న మొక్క అలా ఊడదు. పారతో వేళ్ళతో సహా గడ్డ తవ్వి, బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి, మట్టి దానంతట అదే విడిపోయేలా మెల్లగా కదపండి. మొక్కను గుంజి పీకితే బుడిపెలున్న కొసలు నేలలోనే తెగిపోతాయి, చేతికి శుభ్రమైన వేరు వస్తుంది, రోగం లేదని పొరపడతారు. కడిగిన వేళ్ళను తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోసి పరచండి. ఒక బుడిపెను సూదితో చీల్చి భూతద్దం పెట్టి చూస్తే లోపల ముత్యంలా తెల్లగా, ఆవగింజ కంటే చిన్న ఆడపురుగులు కనిపిస్తాయి. ఒక్కసారి చూశారంటే మళ్ళీ ఎవరినీ అడగనక్కర్లేదు.

ప్రయోగశాలకు నమూనా పంపేటట్టయితే రెండు సంగతులు తప్పక పాటించండి. మొదటిది, మచ్చ నడిబొడ్డున తీయకండి. నేను ఈ పనికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక రైతు చేనులో బాగా చచ్చిపోయిన మచ్చ మధ్యలోనే మట్టి తీశాను. లెక్కలో నులిపురుగులు నామమాత్రంగా వచ్చాయి, ఇది వేరే సమస్య అని ఆయనకు చెప్పేశాను. మరుసటి ఏడు మచ్చ మూడింతలైంది. వేరు కుళ్ళిపోయిన చోట తిండి లేక పురుగూ ఉండదు, అది అప్పటికే అంచుకు జరిగి పచ్చని వేళ్ళ మీద ఉంటుంది. ఆ రైతుకు ఒక పంట నష్టం నా మాట వల్లే జరిగిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. కాబట్టి మచ్చ అంచున, సగం పసుపు సగం పచ్చగా ఉన్న మొక్కల మొదట్లో తీయండి. పదిహేను ఇరవై చోట్ల, పదిహేను నుంచి ఇరవై సెంటీమీటర్ల లోతు దాకా తీసి, కలిపి, అరకిలో మట్టి, గుప్పెడు వేళ్ళు ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న భాగం నుంచి ఇంకో సంచి విడిగా. పోల్చి చూడటానికి అది లేకపోతే అంకెకు అర్థం ఉండదు.

రెండోది, మట్టిని ఆరబెట్టకండి. ఎరువుల పరీక్షకు మట్టి ఆరబెట్టి పంపడం అందరికీ అలవాటు, అదే పద్ధతిలో పంపుతారు. మా దగ్గరికి ఎండిన మట్టి వచ్చిందంటే అందులో లెక్కించడానికి ప్రాణంతో ఉన్నవి మిగలవు. ఎండలో నిలిపిన బండిలో రెండు గంటలు ఉంచినా అంతే. తేమగా, నీడన, చల్లగా ఉంచి రెండు మూడు రోజుల్లో చేర్చండి.

ప్రయోగశాల అందుబాటులో లేకపోతే కుండీ పరీక్ష చేయండి, నాకు దీని మీద చాలా నమ్మకం. మచ్చ అంచు మట్టిని రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని తడిపి, మూత పెట్టిన పాత్రలో ఆవిరి మీద గంట సేపు బాగా వేడెక్కించి చల్లార్చండి. రెండో భాగాన్ని అలాగే ఉంచండి. రెండింటినీ వేర్వేరు కుండీల్లో నింపి, మీరు వేసే రకం విత్తనమే వేసి, నీరు నిలవకుండా తేమ మాత్రం ఉండేలా మూడు, మూడున్నర వారాలు పెంచండి. తర్వాత వేళ్ళు కడిగి చూడండి. వేడి చేయని మట్టిలో బుడిపెలు ఉండి, వేడి చేసినదాంట్లో లేకపోతే అనుమానం తీరిపోయినట్టే. ఒక్క జాగ్రత్త: వేడి చేసిన మట్టిలో పోషకాలు కొంత విడుదలై మొక్క మామూలుగానే ఏపుగా కనిపిస్తుంది, అందుకని ఎత్తు చూసి తీర్పు చెప్పకండి, వేరు చూసి చెప్పండి. పొలంలో నాలుగు మూలల నుంచి ఇలా నాలుగు కుండీలు పెడితే ఏ భాగంలో వచ్చే ఏడు వరి వేయొచ్చో కూడా తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది మరిచిపోయే ఇంకో పురుగు గురించి చెప్పాలి. మెట్ట వరి వేళ్ళలో ప్రాటిలెంకస్ జియే అనే నులిపురుగు కూడా తరచుగా ఉంటుంది. ఇది బుడిపెలు పెట్టదు. ఒకచోట కూర్చోకుండా వేరు తొక్క లోపల తిరుగుతూ తింటూ పోతుంది, అది నడిచిన దారి గోధుమరంగు గీతలుగా, తర్వాత నల్లటి మచ్చలుగా కనిపిస్తుంది. వేరు తరుగుతుంది, పొట్టిగా, చీపురు పుల్లలా మిగులుతుంది. బుడిపె లేదు కాబట్టి నులిపురుగు లేదని అందరూ తేల్చేస్తారు. మీ చేనులో బుడిపెలు స్పష్టంగా ఉన్నాయి, అయినా ఇది కూడా ఉందేమో చూడటం అవసరం, ఎందుకంటే పంట మార్పిడి ఎంపిక దీని మీద ఆధారపడుతుంది. జియే అనే పేరు మొక్కజొన్న శాస్త్రీయ నామం నుంచే వచ్చింది. మొక్కజొన్న, జొన్న, చెరకు, సజ్జ దీనికి విందు భోజనం. ఒక రైతు నా సలహా అడగకముందే వరి మానేసి రెండేళ్ళు మొక్కజొన్న వేశారు, పంట మార్పిడి చేశానన్న భరోసాతో మూడో ఏడు వరికి వచ్చారు. వేళ్ళు కడిగి చూస్తే బుడిపెలు తగ్గాయి, కానీ వేరంతా గోధుమరంగు గాయాలే. ఆయన కష్టమంతా రెండో పురుగును పోషించడానికి పోయింది. గడ్డి జాతి పంట తర్వాత ఇంకో గడ్డి జాతి పంట వేయడాన్ని నులిపురుగు విషయంలో పంట మార్పిడిగా లెక్కపెట్టకండి. గోధుమ కూడా గ్రామినికోలాకు ఆతిథ్యం ఇస్తుంది.

పశ్చిమ ఆఫ్రికా మెట్టల్లో హెటెరోడెరా సకారీ అనే తిత్తి నులిపురుగు కూడా వరిని పీడిస్తుంది, అది ఉన్నచోట వేళ్ళ మీద నిమ్మకాయ ఆకారపు గోధుమరంగు చుక్కలు అతుక్కుని ఉంటాయి. ఆకు కొసలు తెల్లబడి మెలితిరిగే జబ్బు అఫెలెంకాయిడిస్ బెస్సేయి అనే ఆకు నులిపురుగుది, అది విత్తనం ద్వారా వస్తుంది, దానికీ మీ సమస్యకూ సంబంధం లేదు. విత్తన శుద్ధితో వేరు బుడిపెలు పోతాయని ఎవరైనా చెబితే ఆకు నులిపురుగునూ బుడిపె పురుగునూ కలిపేసి చెబుతున్నారన్నమాట. బుడిపె పురుగు విత్తనంలో ఉండదు, మట్టిలో, వేళ్ళలో ఉంటుంది.

మరి ఏ పంట వేయాలి? గ్రామినికోలా ఒక్కటే ఉంటే నువ్వులు, ఆముదం, అలసంద, పొద్దుతిరుగుడు వంటివి పనికొస్తాయి, వీటి మీద అది వృద్ధి చెందలేదు. ప్రాటిలెంకస్ జియే ఉంటే అలసంద, పెసర చాలా మంచివి, ఫిలిప్పీన్స్‌లో చేసిన పనిలో ఈ పప్పు పంటల తర్వాత వేసిన మెట్ట వరి దిగుబడి పెరిగింది. చిక్కు ఎక్కడొస్తుందంటే, అదే నేలలో గతంలో టమాటా, వంగ, బెండ లాంటి కూరగాయలు పండించి ఉంటే మెలాయిడోగైనీ ఇన్‌కాగ్నిటా అనే ఇంకో బుడిపె జాతి ఉండే అవకాశం ఎక్కువ. అది అలసంద, పెసర, పొద్దుతిరుగుడు మీద బలిసిపోతుంది, వరి మీద కూడా కొంత బతుకుతుంది. దాని బుడిపెలు వేరు పొడవునా పూసల్లా ఉంటాయి, కొక్కెంలా కొసకు పరిమితం కావు. అలాంటి అనుమానం ఉంటే నేను నువ్వులకే మొగ్గు చూపుతాను. పచ్చిరొట్టగా జనుము వేసి పూతకు ముందే కలియదున్నడం కూడా మంచి ఎత్తుగడ, నులిపురుగులను అణచే గుణం దానికి ఉంది, పైగా నేలకు సేంద్రియ పదార్థం చేరుతుంది. బంతి కూడా మంచిదే, కానీ నేలంతా దట్టంగా, రెండు మూడు నెలలు ఉంచితేనే ఫలితం. గట్టు మీద నాలుగు మొక్కలు వేస్తే చేనుకు ఏమీ ఒరగదు.

కలుపు గురించి నేను పట్టుబట్టి చెబుతాను. ఊద గడ్డి, తుంగ, ఇంకా ఎన్నో గడ్డి జాతులు గ్రామినికోలాకు వరితో సమానమైన ఇల్లు. నువ్వులు వేసి వరుసల మధ్య ఊద వదిలేస్తే నులిపురుగు దృష్టిలో మీరు వరి వేసినట్టే. ఇద్దరు రైతుల చేలు పక్కపక్కనే చూశాను, ఇద్దరూ ఒకే పంట మార్పిడి చేశారు, ఒకరికి వరి బాగా వచ్చింది, ఇంకొకరికి మళ్ళీ మచ్చలు. తేడా కోసం వెతికితే రెండో ఆయన చేనులో కోత తర్వాత వచ్చిన గడ్డిని అలాగే వదిలేసి, విత్తే ముందు దున్నేవారు. ఆ గడ్డి వేళ్ళు పీకితే నిండా బుడిపెలే. కాబట్టి ఖాళీ కాలంలో కూడా గడ్డి మొలిచిన రెండు వారాల లోపే గుంటుకతోనో చేతితోనో తీసేయండి. పంట కోయగానే మోళ్ళు దున్ని వేళ్ళు ఎండకు తేలేలా చేయండి, ఎండాకాలంలో పది పదిహేను రోజుల తేడాతో రెండు మూడు లోతు దుక్కులు చేస్తే పైపొర ఎండి సంఖ్య బాగా తగ్గుతుంది. నా లెక్కలో ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చే పని ఇదే.

ఎర పంట అనే పద్ధతి ఒకటుంది. సూత్రం సులువు: వరినే దట్టంగా విత్తి, పిల్ల పురుగులు వేళ్ళలోకి దూరాక, అవి గుడ్లు పెట్టే లోపే పైరును వేళ్ళతో సహా నాశనం చేయడం. లోపల చిక్కుకున్న పురుగు మళ్ళీ బయటికి నడిచి రాలేదు. ఇటలీలో ఈ పురుగు బయటపడ్డాక ముంపుతో పాటు ఈ పద్ధతినీ పరీక్షించారు. వెచ్చటి నేలల్లో మొలకెత్తిన రెండు వారాలకు మించి ఆగకూడదు. వాన పడి దున్నడం వారం ఆలస్యమైతే ఎర కాస్తా మేత అవుతుంది, సంఖ్య తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. యంత్రం, తీరిక, వాతావరణం మూడూ మీ చేతిలో ఉంటేనే దీని జోలికి వెళ్ళండి. చిన్న మచ్చలకైతే ధైర్యంగా చేయొచ్చు.

ఇక గుళికల సంగతి. కార్బోఫ్యూరాన్ లాంటి పాత మందులు విత్తేటప్పుడు సాలులో వేస్తే మొదటి కొన్ని వారాలు వేరును కాపాడిన మాట నిజం. ఆ రక్షణ తాత్కాలికం. మందు బలం తగ్గగానే మిగిలిన పురుగు కొత్త వేళ్ళ మీద పడి, కోత నాటికి మళ్ళీ పాత సంఖ్యకు చేరుతుంది. ఈ మందు పక్షులకు, చేపలకు, వేసే మనిషికి తీవ్రమైన విషం, చాలా దేశాలు నిషేధించాయి. నిలబడి ఉన్న పైరులో, ఇప్పుడు, చేత్తో చల్లడం మాత్రం వద్దు. ఫ్లూయోపైరమ్, ఫ్లూయెన్‌సల్ఫోన్ లాంటి కొత్త మందులు వచ్చాయి. మీ దేశంలో వరికి అనుమతి ఉందా, లేబుల్ మీద వరి పేరు ఉందా అని చూసుకోకుండా వాడకండి. మెట్ట వరిలాంటి తక్కువ రాబడి పంటలో వీటి ఖర్చు తిరిగి రావడం కష్టమని నా అభిప్రాయం.

వేప పిండి మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది, అతిగా ఆశ పెట్టుకోకపోతే. హెక్టారుకు అర టన్ను నుంచి టన్ను దాకా, విత్తడానికి రెండు మూడు వారాల ముందు తేమ ఉన్న నేలలో కలిపితే కొంత అణచివేత, కొంత పోషకం రెండూ దక్కుతాయి. ఎండిన నేల మీద చల్లి వదిలేస్తే ఏమీ జరగదు. సూడోమోనాస్, పర్పురియోసిలియం, పోకోనియా లాంటి సూక్ష్మజీవులు కుండీల్లో చూపించే ఫలితం పొలంలో ఒక్కోసారి చూపిస్తాయి, ఒక్కోసారి చూపించవు. పర్పురియోసిలియం గుడ్లను తినే శిలీంధ్రం, కానీ గ్రామినికోలా గుడ్లు వేరు లోపల దాగి ఉంటాయి. బయట గుడ్లు పెట్టే జాతుల మీద చూపినంత ప్రభావం దీని మీద చూపకపోవడానికి అదొక కారణమని నేననుకుంటాను. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి వేస్తే నష్టమేమీ లేదు, మిగతా పనులకు తోడుగా వేయండి, బదులుగా కాదు.

రకాల గురించి కూడా అడిగేవారుంటారు. ఆఫ్రికా వరి ఒరైజా గ్లాబెరిమాలో మంచి నిరోధకత ఉంది, దాన్ని మామూలు వరిలోకి తేవడం అనుకున్నంత సులువు కాలేదు, సంకరాల్లో ఆ గుణం పలచబడింది. మామూలు వరిలోనే చైనా రకం జోంగ్‌హువా 11లో, ఎల్‌డీ 24, ఖావ్ పాక్ మావ్ రకాల్లో నిరోధకతను గుర్తించి, ప్రజనన శాస్త్రజ్ఞులు వాటి మీద పని చేస్తున్నారు. రైతు చేతికి నమ్మకంగా ఇవ్వగల మెట్ట రకాలు ఇంకా విరివిగా లేవు. ఈలోగా మీరు చేయగలిగింది, మీకు దొరికే రెండు మూడు రకాలను పైన చెప్పిన కుండీ పరీక్షలోనే పక్కపక్కన వేసి ఏ వేళ్ళకు బుడిపెలు తక్కువో చూడటం. రకాల మధ్య తేడా ఉంటుంది, దాన్ని మీ మట్టిలోనే తేల్చుకోవచ్చు.

ఇప్పుడు నిలబడి ఉన్న పైరుకు ఏం చేయాలి? ఇంకా యూరియా గుప్పించకండి. సగం వేళ్ళతో ఉన్న మొక్క ఒక్కసారిగా వేసిన ఎరువును తీసుకోలేదు, ఆ నత్రజని కలుపుకు పోతుంది. ఇవ్వాల్సిన మోతాదును మూడు నాలుగు చిన్న విడతలుగా, నేలలో తేమ ఉన్నప్పుడే ఇవ్వండి. లేత ఆకులు తెల్లబడితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), కొద్దిగా నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. వేరుతో పని లేకుండా ఆకు ద్వారా ఇస్తే కొంత అందుతుంది. తడి ఇచ్చే వీలుంటే పిలకల దశలో, పొట్ట దశలో బెట్ట తగలకుండా చూడండి. బుడిపెల వేరు పైపొరలోనే ఉంటుంది, అందుకే పక్క మొక్క తట్టుకునే నాలుగు రోజుల ఎండ కూడా దీన్ని వాడ్చేస్తుంది. తక్కువ నీరు ఎక్కువసార్లు ఇవ్వడం మేలు. చేనుకు గట్లు ఉండి, వానలు బాగా పడితే వీలైనన్ని రోజులు నీరు నిలపండి, కొత్త వేళ్ళు కొన్నయినా దాడికి చిక్కకుండా పెరుగుతాయి. మచ్చల్లో పైరు సగానికి పైగా పోయి ఉంటే అక్కడ మళ్ళీ వరి విత్తకండి, ఆ భాగాన్ని ఇప్పుడే దున్ని పెసరో నువ్వులో వేసుకోండి.

మచ్చలు ఎటు సాగుతున్నాయో కూడా గమనించండి. దుక్కి చేసిన దిశలోనే మచ్చ పొడవుగా సాగి ఉంటే నాగలి, గొర్రు మట్టిని మోసుకెళ్తున్నాయని అర్థం. దానంతట అది ఏడాదికి కదిలే దూరం చాలా తక్కువ, మట్టి అంటిన పనిముట్లు, వాననీటి వాలు, మనం తెచ్చి నాటే నారు దాన్ని మోస్తాయి. మంచి భాగం ముందు దున్ని, మచ్చలున్న భాగం చివర దున్ని, పనిముట్లు అక్కడే కడగండి. వేరేచోట నుంచి నారు తెచ్చి నాటే ఆలోచన ఉంటే ముందు పది మొక్కల వేళ్ళు కడిగి చూడండి, మెట్ట నారుమడిలో పెరిగిన నారు చాలాసార్లు బుడిపెలతోనే వస్తుంది.

కుండీ పరీక్ష ఈ వారమే మొదలుపెట్టండి, నేల తేమగా, పురుగు చురుగ్గా ఉన్న కాలం ఇదే. మూడున్నర వారాల తర్వాత ఏ కుండీలో ఎన్ని మొక్కలకు బుడిపెలు వచ్చాయి, అవి కొసన ఉన్నాయా వేరు పొడవునా ఉన్నాయా, గోధుమరంగు గీతలేమైనా కనిపించాయా అన్నది ఇక్కడే రాయండి. ఆ చేనులో గత ఐదేళ్ళలో ఏ పంటలు వేశారో కూడా రాస్తే నువ్వులా, పెసరా, అలసందా అన్నది అప్పుడు ఖాయంగా చెప్పగలను.